బండి ఏమంటున్నది

కరీంనగర్,
21 జనవరి 2024.

కొండలన్నా,

ఫోన్‌లో రెండు నిమిషాల్లో అయిపోయే మాట కాగితం మీద రాయాల్సి వస్తున్నది. ఈ వారంలో నాలుగుసార్లు చేశాను. రెండుసార్లు ఎత్తి "హలో, హలో" అని పెట్టేశావు. మూడోసారి ఎత్తనే లేదు. నాలుగోసారి వదిన ఎత్తి, "ఉత్తరం రాయి కోమలా, నిమ్మళంగ చదువుకుంటడు" అంది. ఇచ్చోడలో సిగ్నల్ ఉండదట. వదిన గొంతు మాత్రం పక్క గదిలోంచి మాట్లాడినట్టే వినిపించింది. నా గొంతు వినాలని నీకు లేదేమో అనుకున్నాను. మీ ఇంటి అడ్రసు సరిగా తెలియదు కనుక గ్యారేజీకే రాస్తున్నాను.

సంగతి బాపు పికప్పు గురించి. దాని కాగితాల గడువు మార్చి ముప్పై ఒకటితో అయిపోతుంది. ఆలోగా కరీంనగర్ తెచ్చి ఫిట్‌నెస్ చూపించాలి. దానికంటే ముందు పొల్యూషన్ సర్టిఫికెట్ కావాలి. మొన్న బాపు షెడ్డున్న మెట్‌పల్లిలోనే చెక్ చేయించాను. సైలెన్సర్‌లో గొట్టం పెట్టిన ఆయన ముఖానికి రుమాలు అడ్డం పెట్టుకొని, "మేడం, ఇది బండా, ఇటుకబట్టా?" అన్నాడు. నల్లటి పొగ. చీర కొంగుకు అంటిన పెట్రోలు వాసన రెండు ఉతుకులకు కూడా పోలేదు.

అక్కడి మెకానిక్‌లకు కార్బొరేటర్ అంటే ఇప్పుడు మ్యూజియం వస్తువు. ఒకాయన ఇంజనే తీసేసి డీజిల్‌ది వేద్దామన్నాడు. ఇంకొకాయన బానెట్ లేపి, గాలి స్క్రూ మీద ఎర్ర చుక్క చూసి, "రాయమల్లు మేస్త్రి చుక్క. నేను ముట్ట" అని దించేశాడు. బాపు పోయి ఆరు నెలలైనా ఆ చుక్కకు విలువ ఉందని సంతోషపడాలో, ఏడవాలో తెలియలేదు. ఆ రంగు మొదట నా సీసాలోదే, గుర్తుందా? తొమ్మిదిలో ఉన్నప్పుడు కొనుక్కున్న గోళ్ల రంగును బాపు షెడ్డుకు ఎత్తుకుపోతే రెండు రోజులు అన్నం ముట్టలేదు నేను. ఆ తర్వాత ఆయన సెట్ చేసిన ప్రతి బండి మీదా అదే చుక్క. సగం స్క్రూ మీద, సగం పక్కన; ఎవరైనా తిప్పితే చిట్లిపోయేలా.

ఆ చుక్కను పెట్టిన మేస్త్రే తీయాలి, లేకపోతే ఆయన దగ్గర పని నేర్చినవాడు తీయాలి. మీ షెడ్ల రివాజు అదే కదా. ఆ లెక్కన హక్కు నీది.

మా ఆయన అమ్మేయమంటున్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. కానీ ఆ బండి బాపు చేతిలో ముప్పై ఏళ్లు నడిచి, నా చేతికి వచ్చిన ఏడాదికే తుక్కయిందని అనిపించుకోవడం నావల్ల కాదు. యూనివర్సిటీ హాస్టల్‌కు నన్ను దించడానికి వరంగల్ వచ్చిన రోజు నువ్వు వెనక డబ్బాలో నా ట్రంకు పెట్టె మీద కూర్చున్నావు. దారి పొడుగునా ఒక చేత్తో దాని మూత పట్టుకొనే ఉన్నావు.

ఒక్క రోజు వచ్చిపో.

కోమల

*

ఇచ్చోడ,
30 జనవరి.

చెల్లె కోమలా,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివిన.

నేను రాను. షెడ్డుల ఐదు బండ్లు విప్పి ఉన్నయ్. పత్తి బండ్లు తిరిగే రోజులు, ఒకటి పోతె ఒకటి వస్తున్నది. ఇక్కడ చలికి పొద్దుగాల పానా పట్టుకుంటె చెయ్యి అంటుకపోతున్నది. మీ కరీంనగర్ల గింత చలి ఉండది.

ఏం చెయ్యాల్నో రాస్త, బాపు షెడ్డుల అంజన్నతోని చేపిచ్చుకో. నిలబడ్డ బండ్ల పెట్రోలు జిగురైతది. కార్బొరేటర్ దించి, పెట్రోలు వచ్చే సన్న నోర్ల జెట్లు విప్పి, పెట్రోల్ల కడిగి గాలి కొట్టియ్యి. జెట్ల సూది మాత్రం పెట్టనియ్యకు, నోరు పెద్దగైతది. నోరు పెద్దగైతె పెట్రోలు ఎక్కువ తాగుతది, నల్ల పొగ అందుకే వస్తది. మల్ల ఎక్కిచ్చినంక గాలి స్క్రూ సంగతి. మొదలు చుక్క ఎటు చూస్తున్నదో కాగితం మీద బొమ్మ గీసుకో. మెల్లగ లోపలికి తిప్పు. ఆనంగనే ఆపు, బిగవట్టకు. ఆడికెల్లి ఒక చుట్టు, ఇంకో సగం చుట్టు బయటికి తియ్యి. ఇంజను వేడెక్కనియ్యి. అప్పుడు వెంట్రుక మందం, వెంట్రుక మందం లోపలికి తిప్పుకుంట పో. ఇంజను గునుగుతది, ఆగుత ఆగుత అంటది. ఆడ ఆగి జర బయటికి తీస్తె సాఫు అయితది. బాపు ఏమంటుండె? నువ్వు మాట్లాడకు, బండి ఏమంటున్నదో విను.

హక్కు అని రాసినవ్. పదో తరగతి పరీక్షల ఫీజు కట్టే రోజు బాపు నన్ను షెడ్డుకు తోలుకపోయి పానా చేతిల పెట్టిండు. నీ చేతిల పుస్తకం పెట్టిండు. దానికి నాకు రంది లేదు. కని పదిహేనేండ్లు నేను తుడిచిన బండి నీకిచ్చిండు. బాపు దినాల నాడు పెద్దలు నలుగురి ముందట చెప్పిండ్రు. నేను ఒక్క మాట అన్ననా? పేరు ముందట డాక్టర్ అని రాసుకుంటవ్ గద, ఒక స్క్రూ తిప్పుడు రాదా?

మీ వదిన బాలలక్ష్మి అడిగినట్టు రాయుమన్నది.

కొండల్

*

కరీంనగర్,
12 ఫిబ్రవరి.

అన్నా,

నువ్వు రాసినవన్నీ వరుసగా చేశాను. ఆదివారం పొద్దున మెట్‌పల్లి బస్సు దిగేసరికి ఊరంతా పసుపు ఉడికిస్తున్న వాసన. షెడ్డులో అంజన్న నీ ఉత్తరాన్ని తన కళ్లద్దాలకు ఆనించుకొని చదివి, "గిదేంది బిడ్డా, వంట చెప్పినట్టు రాసిండు" అన్నాడు. ముప్పై ఏళ్లు బాపు పక్కన ఉన్న మనిషికి స్క్రూ సంగతి తెలియదంటే నమ్మలేదు నేను. మొదటినుంచీ స్క్రూ బాపు ఒక్కడే తిప్పేవాడట, చివరి రెండేళ్లలో అయితే కార్బొరేటర్ విప్పిన ప్రతిసారీ బాపు తనను చాయ్ తెమ్మని పంపేవాడట. "గా విద్య నాకు దొరకద్దనే పంపిండు మీ బాపు. చాయ్ తాగి తాగి కడుపు పాడైంది గని పని రాలే" అని నవ్వాడు. నవ్వులో కోపం ఉంది.

చుక్క నేనే తీశాను. బొమ్మ గీసుకున్నాను. పేచ్‌కస్ పెట్టి తిప్పుతుంటే ఎర్ర రంగు పెచ్చులా లేచి వేలికి అంటుకుంది. నువ్వు చెప్పిన వెంట్రుక మందం నా చేతికి తెలియలేదు. ఇటు తిప్పితే ఒక చప్పుడు, అటు తిప్పితే అదే చప్పుడు. గునుగుడు ఏదో, సాఫు ఏదో నాకు పట్టుబడలేదు. పొగ కొంచెం కూడా తగ్గలేదు. ఇంటికి వచ్చాక కూడా చెవుల్లో హోరు ఆగలేదు, అర్థం మాత్రం లేదు.

దినాల నాడు నువ్వు ఒక్క మాట అనలేదు, నిజమే. నేను అన్నాను. పెద్దలు లేచాక నువ్వు వాకిట్లోకి నడుస్తుంటే వెనకనుంచి పిలిచి, "అన్నా, బండి నువ్వే తీసుకపో. నాకెందుకు" అన్నాను. నువ్వు వెనక్కి తిరగలేదు. చెప్పులేసుకొని వెళ్లి ఆదిలాబాద్ బస్సెక్కావు. నా మాటకు జవాబు అదే అనుకొని ఊరుకున్నాను. ఇప్పుడేమో బండి నేను లాక్కున్నట్టు రాస్తున్నావు. చరిత్ర పాఠం చెప్పేదాన్ని. ఒకే రోజు గురించి ఇద్దరు ఇంత వేరుగా చెప్తే, ఎవరు మరిచిపోయారో, ఎవరు కావాలని మరిచారో తేల్చడం నా వృత్తి. ఇక్కడ మాత్రం తేల్చలేకపోతున్నాను.

ఇంక నలభై ఎనిమిది రోజులున్నాయి. అంజన్నకు చేతులున్నాయి, నాకూ ఉన్నాయి. నీ చేతులు కాదు నాకు కావాల్సింది. నీ చెవి కావాలి. ఆ ఒక్కటి తీసుకొని రా.

కోమల

*

ఇచ్చోడ,
19 ఫిబ్రవరి.

కోమలకు,

ఆఖరికి రాసిన మాట ఎందుకు రాసినవో నాకు తెలుసు. మా చెల్లె ఎప్పటికెల్లి గింత నేర్చిందో అనుకున్న. బాపు పోయే ముందుగాల నీకు ఏం చెప్పిపోయిండో గుడ తెలుసు. అదే మాట అంతకు ముందు నాకు ముఖం మీదనే చెప్పిండు.

నువ్వు వెనకనుంచి పిలిచినవో లేదో నాకు తెల్వదు. రాసినవ్ కాబట్టి పిలిచినవనే అనుకుంట.

వచ్చే వారం మంగళవారం నాడు వస్త. నువ్వు రావద్దు. తాళంచెవి అంజన్నకిచ్చిపో. పని చేసి పోత, చాయ్ గుడ తాగ. తర్వాత ఈ బండి మాట మన నడుమ ఉండద్దు.

కొండల్

*

కరీంనగర్,
5 మార్చి.

కొండల్ అన్నకు,

నువ్వు వచ్చిన మంగళవారం నాకు కాలేజీలో పరీక్షల డ్యూటీ. లేకపోయినా వచ్చేదాన్ని కాదు, నువ్వు రావద్దన్నావు కదా.

నువ్వు ఏం చేశావో అంజన్న చెప్పాడు. రెండు గంటలు ఉన్నావట. ఆయన పలకరిస్తే పలకలేదట. ఇంటి సంగతులు అడిగితే బానెట్‌లోంచి తల తీయలేదట. "మీ అన్న పెద్ద మేస్త్రి అయిండు బిడ్డా, మా అసొంటోళ్లతోని మాట్లాడడు" అన్నాడు. ఇంజను నడుస్తుండగా పొడుగు పేచ్‌కస్ కొన కార్బొరేటర్‌కు ఆనించి, దాని పిడిని పళ్లతో కరిచి పట్టుకొని, కళ్లు మూసుకొని కూర్చున్నావట. అది చూస్తే అంజన్నకు భయమేసిందట. పెద్ద జెట్టు తీసి, సంచిలోంచి చిన్న జెట్టు తీసి వేశావు. కోరుట్ల రోడ్డు మీద రెండు కిలోమీటర్లు తోలి చూసి వచ్చి, "మంచిగున్నది" అని తాళంచెవి ఆయన చేతిలో పెట్టి పోయావు.

నిజమే, మంచిగుండింది. ఆదివారం అదే పొల్యూషన్ ఆయన, "మేడం, గా బండేనా ఇది?" అని రెండుసార్లు గొట్టం పెట్టి చూశాడు. సర్టిఫికెట్ చేతికొచ్చింది. అక్కడికక్కడే నీకు రాయాల్సిన ఉత్తరం మనసులో పేర్చుకున్నాను. నీ మీద అనుమానపడినందుకు సిగ్గుపడుతూ మొదలుపెట్టాలనుకున్నాను. ఆ ఉత్తరం ఇది కాదు.

ఒంటరిగా తోలుకొని కరీంనగర్ బయల్దేరాను. జగిత్యాల దాటాక ఎత్తు ఎక్కుతుంటే సన్నగా ఒక చప్పుడు మొదలైంది, గాజులు ఒకదానికొకటి తగులుతున్నట్టు. వెనక డబ్బాలో పానాల పెట్టె కదులుతోందేమో అనుకున్నాను. గంగాధర దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారి పెద్దగా కొట్టి, తెల్లటి పొగ చిమ్మి ఆగిపోయింది. లారీకి కట్టి లాగించాను. పిస్టన్‌కు రంధ్రం పడిందట. ఈ పాత ఇంజనుకు ఆ సామాన్లు ఎక్కడా దొరకవట.

విప్పిన మెకానిక్ జెట్టును అరచేతిలో పెట్టి చూపించాడు. ఇంత చిన్న నోరుతో పెట్రోలు చాలక, లోపల వేడెక్కి కాలిపోయిందన్నాడు. ఆయన అన్న మాట అన్నట్టే రాస్తున్నాను. "జెట్టు మార్చినోడు రోడ్డు మీద జర రేస్ ఇచ్చి విన్నా తెలిసేది మేడం, కటకట కొడ్తది. తెలిసి గుడ వదిలేసిండంటె మీకు పడనోడై ఉంటడు."

నువ్వు రోడ్డు మీద తోలి చూశావు. ఆ చప్పుడు విన్నావు. విని, "మంచిగున్నది" అని తాళం ఇచ్చిపోయావు.

ఇన్నాళ్లూ నీకు చెప్పని మాట ఒకటుంది. పోయే పదిరోజుల ముందు బాపు నా చెయ్యి పట్టుకొని, "బండి నువ్వే ఉంచుకో. మీ అన్నను ఆ చుక్క ముట్టనియ్యకు" అన్నాడు. ఎందుకని అడిగితే ముఖం అటు తిప్పుకున్నాడు. కొడుకును పట్టుకొని అంత మాట ఎలా అన్నాడా అని బాపు మీదే కోపం వచ్చింది నాకు. ఆ మాటను లోపలే తొక్కిపెట్టి నిన్ను పిలిచాను. నీకు తెలుసునని నువ్వే రాశావు, తెలిసీ చేశావు. నీలో ఏముందో బాపుకు తెలుసు, నాకు తెలియలేదు.

కోమల

*

ఇచ్చోడ,
12 మార్చి.

కోమలకు,

నువ్వు రాసినట్టే. తోలిన, విన్న, వదిలేసిన. కావాల్ననే చేసిన.

బండి తుక్కుకు వెయ్యి. ఇంక నాకు ఉత్తరం రాయకు.

కొండల్

*

కరీంనగర్,
21 ఏప్రిల్.

అన్నా,

రాయవద్దన్నావు. రాస్తున్నాను. చదవకుండా చింపేసే హక్కు నీకుంది. కానీ నువ్వు చదువుతావు. నీకు కాగితమే మిగిలిందని ఇప్పుడు తెలిసింది.

భవ్యశ్రీ నర్సింగ్ పరీక్ష రాయడానికి వచ్చి మా ఇంట్లో రెండు రోజులుంది. మన మధ్య మాటలు లేవని నీ బిడ్డకు తెలియదో, తెలిసీ వచ్చిందో అడగలేదు. మంచి పిల్ల. ఒక్కటే నాకు వింతగా అనిపించింది. ఏం చెప్పాలన్నా ముందు బల్ల మీద రెండుసార్లు తడుతుంది. నేను పొయ్యి దగ్గర అటు తిరిగి ఉంటే, చుట్టూ తిరిగి నా ముఖం ముందుకు వచ్చి నిలబడి అప్పుడు మాట్లాడుతుంది. రెండో రోజు నవ్వుతూ అడిగాను, ఎవరు నేర్పారే ఈ మర్యాద అని. "అలవాటు అత్తమ్మా. డాడీకి గట్లనే చెప్పాలె గద" అంది. నాకు అర్థం కాలేదు. నా ముఖం చూసి ఆ పిల్ల ముఖం మారిపోయింది. "నీకు తెల్వదా? డాడీకి వినవడది. ఎడమ చెవు మొత్తం పోయింది, కుడిది జరంత ఉంది. నీకు తాత చెప్పిండనుకున్న" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకొని, నీకు చెప్పవద్దని, షెడ్డులో తెలిస్తే పని పోతుందని ఒట్టు వేయించుకుంది.

ఆ ఒట్టు ఇప్పుడు తప్పుతున్నాను. తప్పడం తప్పా ఒప్పా అని మూడు రోజులు కొట్టుమిట్టాడాను. నిన్ను అన్న మాట నా దగ్గరే ఉంచుకొని బతకడం కుదరలేదు.

వాకిట్లో వెనకనుంచి పిలిచాను. నువ్వు వినలేదు. అంజన్న పలకరించాడు, అదీ వినలేదు. నా ఫోన్లు వినలేదు. "నీ చెవి కావాలి" అని రాసినప్పుడు నీకు ఎక్కడ తగిలిందో ఇప్పుడు తెలుస్తున్నది. నేను ఎత్తిపొడిచానని అనుకున్నావు. పేచ్‌కస్‌ను పళ్లతో పట్టుకున్నది ఎముక గుండా వినడానికి. నేను దాన్ని నీ మీద సాక్ష్యంగా రాశాను. బాపు చుక్క ముట్టనివ్వద్దన్నది నీ మీద నమ్మకం లేక కాదు. ఆ పని నీ చేతిలో చెడిపోయి నలుగురిలో నీ పరువు పోవద్దని. ఆయన ఒక్క ముక్క ఎక్కువ చెప్పి ఉంటే బాగుండేది. నేను ఒక్క ప్రశ్న ఎక్కువ అడిగి ఉన్నా బాగుండేది.

అన్నిటికంటే నన్ను తినేస్తున్నది ఆ గాజుల చప్పుడు. అది నేను విన్నాను అన్నా. జగిత్యాల నుంచి గంగాధర దాకా దారంతా విన్నాను. చక్కగా, స్పష్టంగా. అదేమిటో నాకు తెలియదు. తెలిసిన నీకేమో అది వినపడలేదు. నువ్వు నన్ను రావద్దనకపోతే, నేను మొండిగానైనా వచ్చి పక్క సీట్లో కూర్చొని "అన్నా, ఏదో గాజుల చప్పుడు" అని నీ ముఖం ముందు నిలబడి చెప్పి ఉంటే, ఇద్దరం కలిసి ఒక మేస్త్రి అయ్యేవాళ్లం.

బండి లేదు. మార్చి ఇరవై ఎనిమిదిన తుక్కు వాళ్లు వచ్చి తీసుకపోయారు. నువ్వు అన్నావనే ఇచ్చాను, కోపంతోనే ఇచ్చాను. కార్బొరేటర్ ఒక్కటి విప్పించి ఉంచాను. భవ్యశ్రీ పోయేటప్పుడు తన సంచిలో పెట్టి పంపాను.

ఇంకొకటి. నిన్న ఇక్కడి చెవుల డాక్టర్ దగ్గర అడిగి నీకు వినికిడి మిషన్ కొని కొరియర్‌లో వేశాను. కొలత సరిపడకపోతే మారుస్తారట. నా దగ్గర ఉన్నది గ్యారేజీ అడ్రసే కనుక దానికే వేశాను. నువ్వు ఫోన్ ఎత్తవు, డబ్బా దారి తప్పుతుందేమోనని లోపల ఏముందో పైన పెద్ద అక్షరాలతో రాయించాను. పెట్టుకో. పెట్టుకొని ఒక్కసారి ఫోన్ చెయ్యి. నిన్ను క్షమించమని అడగడానికి నాకు గొంతు కావాలి, కాగితం చాలడం లేదు.

నీ చెల్లె
కోమల

*

ఇచ్చోడ,
9 మే.

చెల్లె కోమలా,

నీ ఉత్తరం కంటె నీ డబ్బ మూడు రోజులు ముందుగాల వచ్చింది.

కార్బొరేటర్ భవ్య తెచ్చింది. కడిగి బల్ల మీద పెట్టిన. స్క్రూను మల్ల బాపు పెట్టిన కాడికే తెచ్చి పెట్టిన నేను, ఫిబ్రవరిల వచ్చిన నాడే. నువ్వు తీసిన ఎర్ర రంగు అంచుకు జర మిగిలి ఉండె. కంటితోని చూసే పని నాకు తప్పు కాలే. చెవితోని చేసిన పనే తప్పింది.

నీకు తెల్వని సంగతి ఒకటి రాస్త. పేచ్‌కస్ పళ్లల్ల పెట్టుడు నాకు నేర్పింది బాపే. పోయిన ఏడాది పండుగకు ముందు వచ్చినప్పుడు చూసిన. అంజన్నను చాయ్‌కు పంపి, తలుపు దగ్గరికి వేసి గట్లనే చేస్తున్నడు. ఆయనకు గుడ చెవులు పోయినయ్. ఇంజను చిన్నగ వినవడుతున్నదని పెట్రోలు చాలుతలేదనుకున్నడు, జెట్టు నోరు పెద్దగ చేసుకుంట పోయిండు. నీ నల్ల పొగ గదే. నేను ఆయనను చూసిన్నని ఆయన చూసిండు. కూసోవెట్టి వెనకనుంచి నన్ను పిలిచి చూసిండట. నేను పలుకలే. అప్పుడన్నడు, "నీకు గుడ వచ్చిందారా. ఇంక నా బండి ముట్టకు" అని. తన రోగమే కాబట్టి గుర్తు పట్టిండు. నాకు కోపం వచ్చింది. ఆయన దాచుకుంటె మేస్త్రి, నేను దాచుకుంటె పనికిరానోణ్ణా?

వద్దన్న పని చేసి చూపియ్యాల్నని మెట్‌పల్లికి వచ్చిన. నీ కోసం రాలే. బాపు తప్పు అని చూపెట్టుకునేటందుకు వచ్చిన. రోడ్డు మీద తోలినప్పుడు నాకు ఏ చప్పుడూ లేదు. మంచిగనే ఉన్నదనుకున్న.

కావాల్ననే చేసిన అని రాసినప్పుడు నాకు పాణం అల్కగైంది. చెడ్డోడు అంటె జర జాగర్తగనైనా బండి తెస్తరు. చెవిటోడు అంటె తేరు. ఎనిమిదేండ్లు నేను ఎట్ల నడిపిన్నో తెలుసా? షెడ్డుల ఎప్పుడూ ఒక ఇంజను నడిపిచ్చే ఉంచుత. ఆ లొల్లిల ఎవరైనా అరిచే మాట్లాడాలె గద, అనుమానం రాదు. పెదవులు చూస్త. బండి మీద అరచెయ్యి పెడితె వణుకు తెలుస్తది. మీ వదినకు, భవ్యకు, ఆఖరికి బాపుకు తప్ప ఎవనికీ తెల్వకుంట ఎనిమిదేండ్లు.

నీ డబ్బ వచ్చిన రోజు అంగడి. పొద్దుగాలనే పెట్రోల్ అయిపోతె నడిచే ఇంజను బంద్ అయింది. నేను గడప మీద కూసోని ప్లగ్గు తుడుస్తున్న. కొరియర్ ఆయన రోడ్డు అవతలికెల్లి నువ్వు రాయించిన అక్షరాలు చదివి పిలిచిండట, "కొండలన్నా, నీకు చెవి మిషన్ వచ్చింది" అని. పలుకకపోతె మల్ల అరిచిండట. మూడోసారి అంగడి మొత్తం వినవడేటట్టు అరిచిండట. తలకాయ ఎత్తిన నేను. అందరు నా దిక్కే చూస్తున్నరు. కూరగాయల ఐలవ్వ నోటి మీద చెయ్యి పెట్టుకున్నది. నా దగ్గర బండి విడిచిన పత్తి బండాయన ఉరికొచ్చి, ఒక మాట అనకుంట నా జేబులకెల్లి తాళంచెవి తీసుకున్నడు. కొరియర్ ఆయన దగ్గరికొచ్చి డబ్బ చేతిల పెట్టినంక చదువుకున్న.

నీ మీద కోపం లేదు. నువ్వు చెడు చేసేటందుకు చెయ్యలే. నేను గుడ మెట్‌పల్లిల చెడు చేసేటందుకు చెయ్యలే.

ఫోన్ చెయ్యుమన్నవ్. చెయ్య. క్షమించుమని నువ్వు అడుగుడు, నేను సరే అనుడు వద్దు.

మిషన్ మంచిగనే పనిచేస్తున్నది. పెట్టుకోని పొద్దంత షెడ్డుల కూసుంటున్న. రోడ్డు మీద పోయే బండ్లన్నీ వినవడుతున్నయ్. ఏ బండి ఏమంటున్నదో, దేనికి పెట్రోల్ ఎక్కువైందో, దేనికి తక్కువైందో ఇక్కడికెల్లే తెలుస్తున్నది. ఒక్కటి గుడ నా షెడ్డు కాడ ఆగుతలేదు.

కొండల్